ఆన్‌లైన్‌లో దొరికిన పార్టీని నమ్మే ముందు: అపోహలు - వాస్తవాలు

సూరత్ చీరలు తెప్పించి వాట్సాప్ గ్రూపుల్లో అమ్మేవాళ్లు, గుంటూరు కారం, పచ్చళ్లు వేరే రాష్ట్రాలకు పంపేవాళ్లు ఇవాళ ముఖం చూడని పార్టీతోనే, అంటే అవతలి వ్యాపారితోనే, బేరం కుదుర్చుకుంటున్నారు. ఒకప్పుడు మధ్యలో బ్రోకర్ ఉండేవాడు. "పార్టీ మంచిదే, పూచీ నాది" అని అతనన్నాకే సరుకు కదిలేది. ఆ పూచీ ఇప్పుడు లేదు కాబట్టి ఆరా తీసే పని వ్యాపారి మీదే పడింది. దానికి పెద్ద ఖర్చేమీ లేదు, చాలావరకు ఫోన్లోనే అయిపోతుంది.

అపోహ: జీఎస్టీ నంబర్ ఇచ్చాడంటే అసలు పార్టీయే.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. జీఎస్టీ నంబర్ రహస్యమేమీ కాదు. ప్రతి బిల్లు మీదా ఉంటుంది, షాపు బోర్డు మీద కూడా ఉండాలని రూలు. ఎవరి నంబరైనా ఎవరైనా చెప్పొచ్చు. కాబట్టి రెండు విషయాలు విడివిడిగా తేల్చుకోవాలి: ఆ నంబర్ మంచిదేనా, మనతో మాట్లాడే మనిషి ఆ నంబర్ తాలూకు వాడేనా.

మొదట నంబర్ సంగతి. మొత్తం 15 అక్షరాలు. మొదటి రెండూ రాష్ట్రం కోడ్: గుజరాత్ 24, తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. సూరత్ షాపు అంటూ 07తో మొదలయ్యే నంబర్ ఇస్తే అది ఢిల్లీది, అడగండి. తర్వాతి పది పాన్ నంబర్. అందులో నాలుగో అక్షరం పి అయితే వ్యక్తి, ఎఫ్ అయితే భాగస్వామ్య సంస్థ, సి అయితే కంపెనీ. "మాది ప్రైవేట్ లిమిటెడ్" అన్నవాడి పాన్‌లో ఆ చోట పి ఉంటే మాట తేడా ఉన్నట్టే.

తర్వాత జీఎస్టీ పోర్టల్లో 'సెర్చ్ ట్యాక్స్‌పేయర్'లో ఆ నంబర్ కొట్టండి, లాగిన్ అక్కర్లేదు. అసలు పేరు, వ్యాపారం పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ తేదీ వస్తాయి. జీఎస్టీ వచ్చిందే 2017 జూలైలో. "ఇరవై ఏళ్ల షాపు" అని చెప్పి రిజిస్ట్రేషన్ మూడు నెలల కిందటిది చూపిస్తుంటే కారణం తెలియాలి. స్టేటస్ 'యాక్టివ్' అని ఉండాలి. 'సస్పెండెడ్', 'క్యాన్సిల్డ్' అయితే అక్కడితో ఆపెయ్యండి. 'కాంపోజిషన్' (చిన్న వ్యాపారులకు ఉండే సులువు పన్ను పద్ధతి) అని ఉంటే ఇంకో చిక్కు: వాళ్లు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు, బిల్లులో పన్ను వసూలు చెయ్యకూడదు. అలాంటివాడు సూరత్ నుంచి విజయవాడకు పన్ను వేసి బిల్లు పంపితే ఆ బిల్లు ఎందుకూ పనికిరాదు.

కింద రిటర్నుల (ప్రభుత్వానికి వేసే అమ్మకాల, పన్ను లెక్కల) పట్టిక కూడా తెరిచి చూడండి. చాలామంది అంతవరకూ వెళ్లరు. అమ్మినవాడు రిటర్ను వెయ్యకపోతే ఆ బిల్లు కొన్నవాడి 2బీలో (పోర్టల్లో అతని కొనుగోళ్ల మీద పన్ను చూపే పట్టికలో) కనిపించదు, క్రెడిట్ రాదు, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును తన పన్నులోంచి తగ్గించుకోలేడు. పన్ను రెండుసార్లు కట్టినట్టవుతుంది. అందుకే వరుసగా నెలలు ఖాళీగా ఉన్న పార్టీ దగ్గర ధర ఎంత తక్కువైనా మా సలహా వద్దనే.

ఇక మనిషి సంగతి. వీడియో కాల్ చేసి, షాపు బయటి బోర్డు మీద జీఎస్టీ నంబర్, లోపల గోడకున్న సర్టిఫికెట్ చూపించమనండి. తర్వాత ఫోన్ అలాగే వీధిలోకి తెచ్చి పక్క రెండు షాపుల బోర్డులు చూపించమనండి. ఆ పక్క షాపు నంబర్ మ్యాపులో వెతికి, ఫోన్ చేసి అడగండి. అసలు వ్యాపారి దీనికి విసుక్కుంటాడేమో గానీ చూపిస్తాడు. దొంగకు ఆ పూట నెట్ ఉండదు, లేదా ఓనర్ ఊళ్లో ఉండడు.

చివరగా బ్యాంకు ఖాతా పేరు. అది పోర్టల్లోని అసలు పేరుతోనో, వ్యాపారం పేరుతోనో సరిపోవాలి. "మా ఖాతా లిమిట్ అయిపోయింది, మా తమ్ముడి ఖాతాకు వెయ్యండి" అన్నాడా, ఆ బేరం అక్కడే వదిలెయ్యండి.

అపోహ: ఉద్యమ్ సర్టిఫికెట్ ఉందంటే ప్రభుత్వం తనిఖీ చేసినట్టే.

ఉద్యమ్ అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల ప్రభుత్వ నమోదు. ఆ రిజిస్ట్రేషన్ ఉచితం, కాగితాలేవీ జతచెయ్యక్కర్లేదు. ఎవరి వివరాలు వాళ్లే ప్రకటించుకుంటారు. సర్టిఫికెట్ నకిలీ కాదని ఉద్యమ్ సైట్లో చూసుకోవచ్చు, అంతకు మించి దాన్నుంచి ఏమీ తెలియదు. వ్యాపార సైట్లలో పేరు పక్కన కనిపించే నమ్మకపు గుర్తులకు కూడా చాలాచోట్ల సభ్యత్వం డబ్బు కట్టాలి.

అపోహ: ప్రైవేట్ లిమిటెడ్ అంటే డబ్బు ఎక్కడికీ పోదు.

కంపెనీ పెట్టడానికి కనీసం లక్ష రూపాయల మూలధనం ఉండాలన్న నిబంధనను 2015లోనే ఎత్తేశారు. పైగా కంపెనీ అప్పు సాధారణంగా యజమానుల సొంత ఆస్తుల దాకా రాదు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్లోని 'మాస్టర్ డేటా'లో చెల్లించిన మూలధనం, చివరి బ్యాలెన్స్ షీటు తేదీ, 'ఛార్జెస్' (కంపెనీ ఆస్తుల మీద బ్యాంకులకున్న తాకట్టులు) చూడండి. రెండేళ్లుగా బ్యాలెన్స్ షీటు వెయ్యని కంపెనీకి అరువు ఇవ్వకండి.

అపోహ: పాత పార్టీ మెయిల్ నుంచే కొత్త ఖాతా నంబర్ వచ్చింది, వేసెయ్యొచ్చు.

పాత పార్టీ మెయిల్ పెట్టెలోకే దొంగలు చొరబడి, బిల్లు కట్టే సమయం దాకా కాచుకుని ఉంటారు. అప్పుడు "మా బ్యాంకు మారింది" అని ఒక మెయిల్ వస్తుంది. అడ్రసు సరైనదే అయినా రుజువు కాదు. ఒక్కోసారి అడ్రసే వేరు: ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఆర్, ఎన్ పక్కపక్కనుంటే ఎమ్‌లా కనిపిస్తుంది. ఆ మెయిల్లోని నంబరుకు కాకుండా మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి, తెలిసిన గొంతుతో నిర్ధారించుకోండి. కొత్త ఖాతాకు మొదట వంద రూపాయలు వేసి, అందిందని వాళ్ల నోట విన్నాక మిగతాది పంపండి. 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకు బదిలీ పద్ధతులైన నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లకు కూడా పంపేముందు ఖాతాదారు పేరు చూపించే సదుపాయం ఉండాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఆ పేరు చూడకుండా బటన్ నొక్కకండి.

అపోహ: పేమెంట్ స్క్రీన్‌షాట్ వచ్చింది, సరుకు లోడ్ చెయ్యొచ్చు.

స్క్రీన్‌షాట్, ఎస్సెమ్మెస్ రెండూ తయారు చెయ్యొచ్చు. మీ ఖాతా మీరే తెరిచి చూశాకే లారీ కదలాలి. "పొరపాటున ఎక్కువ వేశాం, ఈ నంబరుకు తిప్పి పంపండి" అంటే, ఏ ఖాతా నుంచి వచ్చిందో దానికే, బ్యాంకుతో మాట్లాడాక పంపండి. అది దొంగసొమ్మయితే ఫ్రీజ్ అయ్యేది మీ ఖాతా.

అపోహ: మూడు ఆర్డర్లకు సవ్యంగా కట్టాడు, ఇక అరువు ఇవ్వొచ్చు.

ఇరవై వేలు, ముప్పై వేలు, నలభై వేలు రోజు తప్పకుండా కట్టి, నాలుగోసారి ఆరు లక్షల సరుకు అరువు అడగడం పాత ఎత్తే. పోయినా తట్టుకోగల మొత్తమెంతో ముందే రాసుకోండి, అదే లిమిట్. ఒక్కో మెట్టుకు పాత బిల్లు మీద సగానికి మించి పెంచకండి. సందేహముంటే ట్రాన్స్‌పోర్టులో ఎల్‌ఆర్ (సరుకు రసీదు) కొన్నవాడి పేరున కాకుండా 'సెల్ఫ్', అంటే మీ పేరునే రాయించి, డబ్బు అందాకే అసలు కాపీ ఇవ్వండి. ఆ కాపీ లేకుండా సరుకు వదలొద్దని ట్రాన్స్‌పోర్టు వాళ్లకు ముందే చెప్పాలి. యాభై వేలు దాటిన సరుకుకు ఈవే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ఎలాగూ ఉండాలి. రేపు కొన్నవాడు సరుకు రాలేదని వాదిస్తే ఆ ఈవే బిల్లు, సంతకం పెట్టిన ఎల్‌ఆర్, రాతపూర్వక ఆర్డరే మీ సాక్ష్యం.

ఉద్యమ్‌లో ముందే నమోదైన సూక్ష్మ, చిన్న తయారీదారులకు ఇంకో అండ ఉంది. ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కొన్నవాడు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే 'బ్యాంకు రేటు'కు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. పచ్చళ్లు పట్టేవాళ్లకు ఇది వర్తిస్తుంది. చీరలు కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ నంబర్ ఉన్నా ఈ రక్షణ లేదు.

అపోహ: డబ్బు పోయాక చేసేదేమీ లేదు.

డబ్బు ఇంకా బ్యాంకుల్లోనే తిరుగుతుంటే ఆపించొచ్చు, అందుకే ప్రతి గంటా విలువైనదే. వెంటనే 1930కి ఫోన్ చేసి, లావాదేవీ యూటీఆర్ నంబర్ (ప్రతి బదిలీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబర్), అవతలి ఖాతా నంబర్, సమయం చెప్పండి. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేసి, మీ బ్యాంకుకు కూడా రాసివ్వండి. కోపంతో చాట్ డిలీట్ చెయ్యకండి, అవతలివాణ్ణి బ్లాక్ చెయ్యకండి. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫోన్ మార్చకుండా ఉంచండి.