కుంగుబాటుకు మూలం ఆలోచనేనా? ఆరన్ బెక్ సిద్ధాంతం, దాని చుట్టూ పేచీ

బెంగళూరు మారతహళ్లి హాస్టళ్లలో ఉండే మన తెలుగు పిల్లలెవరైనా కుంగుబాటుకు లోనైతే, స్నేహితులూ ఇంటివాళ్లూ ముందుగా చెప్పే మాట "అలా ఆలోచించకు, అంతా మంచే జరుగుతుందనుకో". ప్రేమతోనే చెబుతారు. కానీ బాధ పడుతున్నవారికి ఆ మాట నింద వేసినట్టే వినిపిస్తుంది. ఆరన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ (ఆలోచనల తీరును పరిశీలించే మాటల చికిత్స) అంటే ఇదేనని నమ్మేవారూ ఉన్నారు. ఆ చికిత్స పుట్టుక తెలిస్తే అలా అనుకోరు.

ఇతరుల మీది కోపం మనసు లోపలికి మళ్లితే కుంగుబాటు అవుతుందని, మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ సంప్రదాయం చెప్పేది. ఫిలడెల్ఫియా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1950ల చివర్లో దాన్ని రుజువు చేయడానికే రోగుల కలలను పరిశీలించాడు. వాటిలో ఆయనకు కోపం కన్నా ఎక్కువగా కనిపించినవి ఓటమి, నష్టం. మెలకువలోనూ రోగులు తమ గురించీ, లోకం గురించీ, రేపటి గురించీ నిరాశగానే తలపోస్తున్నారు. ఈ మూడింటినీ కలిపి 1967లో సిద్ధాంతంగా పుస్తకంలో వివరించాడు. చికిత్సలో ఆయన ఎవరినీ మంచిగా అనుకోమనలేదు. "నేను దేనికీ పనికిరాను" అనే మనిషి పక్కన కూర్చుని, ఆ మాటకు ఆధారాలేమిటో ఇద్దరూ కలిసి వెతకడమే పద్ధతి.

1977లో బెక్ బృందమే చేసిన పరీక్షలో ఈ చికిత్స కుంగుబాటుకు వాడే ఇమిప్రమిన్ మందును మించింది. 1989లో వెలువడిన అమెరికా ప్రభుత్వ సంస్థ అధ్యయనంలో 250 మందిని చేర్చుకున్నారు. అందులో జబ్బు తీవ్రంగా ఉన్నవారికి మందే మెరుగని తేలింది. అయితే మందు ఆపేసినవారితో పోలిస్తే, ఈ చికిత్స ముగించినవారిలో జబ్బు తిరగబెట్టడం తక్కువని 2005 నాటి ఫలితాలు చూపాయి. అది చిన్న మేలు కాదు.

నిరాశ ఆలోచనలే జబ్బుకు మూలమన్న బెక్ వివరణ మాత్రం అంత గట్టిగా నిలవలేదు. కేవలం మందుతో కోలుకున్నవారిలోనూ నిరాశా భావాలు తగ్గాయి. అలాంటప్పుడు అవి జబ్బుకు కారణమా, జబ్బు లక్షణమా? 1996లో అమెరికన్ మనస్తత్వవేత్త నీల్ జేకబ్‌సన్ బృందం ఈ చికిత్సను భాగాలుగా విడదీసి పరీక్షించింది. ఆలోచనల జోలికి పోకుండా, రోగిని మెల్లగా రోజువారీ పనుల్లోకి, మనుషుల్లోకి తిరిగి తెచ్చే భాగం ఒక్కటే ఇచ్చినా పూర్తి చికిత్సకు దీటైన ఫలితం వచ్చింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో కీలకమైన మలుపు ఇదే. ఉద్యోగం పోయి, చదువు కోసం చేసిన అప్పు మీద పడిన యువకుడు రేపటికి భయపడితే, ఆ భయంలో సరిదిద్దాల్సిన తర్కదోషం ఎంత ఉంటుంది? అతనికి రేపు ఉదయం లేచి చేయడానికి ఒక పని, పలకరించే మనిషి ముందు కావాలి.

బెంగళూరులో 1847లో మొదలైన పిచ్చాసుపత్రి పరంపరే 1974లో జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌గా మారింది. ఆ సంస్థ సారథ్యంలో 2015–16లో జరిగిన జాతీయ సర్వే, దేశంలో ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటు అనుభవించారని చెప్పింది. వారిలో అత్యధికులకు చికిత్సే అందడం లేదు. ఇంతమందికి నిపుణులు ఎక్కడి నుంచి వస్తారు? గోవాలో 495 మందితో చేసిన పరీక్ష ఒక దారి చూపింది. వైద్యులు కాని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సమావేశాల్లో పనుల్లోకి మళ్లించే పద్ధతి వాడితే రోగులు మెరుగుపడ్డారు.

2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనూ మాట్లాడవచ్చు. కానీ వారం వారం సాగే చికిత్సకు ఒక్క ఫోను సరిపోదు. గోవాలో చేసినట్టు తెలుగువారికే శిక్షణ ఇచ్చే పని మారతహళ్లిలోనూ, అనంతపురం, హిందూపురాల్లోనూ జరగాలి.