లక్ష డాలర్లకు రాసిచ్చేసిన వాటా: నోయెల్ రెడింగ్ కేసు వెనక కథ

జిమీ హెండ్రిక్స్ పాటల మీద వచ్చే డబ్బులో ఆయన పక్కన వాయించిన ఇద్దరికీ వాటా ఉందా? ఆ రికార్డులను అమ్మే సోనీ మ్యూజిక్‌పై లండన్ హైకోర్టుకెక్కిన గొడవ ఇదే. బేస్ గిటారిస్ట్ నోయెల్ రెడింగ్ పేరు మళ్లీ వార్తల్లోకి రావడానికి కారణమూ అదే. హెండ్రిక్స్ 1960ల నాటి అమెరికన్ రాక్ గిటారిస్ట్, ‘జిమీ హెండ్రిక్స్ ఎక్స్‌పీరియన్స్’ బ్యాండు నాయకుడు. ఈ తగాదా తెలియాలంటే 1973కు వెళ్లాలి.

ఆ ఏడాది న్యూయార్క్‌లో, హెండ్రిక్స్ ఎస్టేట్‌పై, అంటే ఆయన వదిలివెళ్లిన ఆస్తిపై, వేసిన దావాను రెడింగ్ రాజీ చేసుకున్నాడు. లక్ష డాలర్లు తీసుకుని, ఇకపై ఏమీ అడగనని సంతకం పెట్టాడు. హెండ్రిక్స్ విల్లు రాయకుండానే 1970 సెప్టెంబరులో చనిపోయాడు. బ్యాండు లెక్కలు చూసిన మేనేజర్ మైక్ జెఫ్రీ 1973 మార్చిలో విమాన ప్రమాదంలో పోయాడు. లెక్క చెప్పాల్సిన మనిషే లేడు, రెడింగ్ చేతిలో డబ్బూ లేదు. ఆ సంతకాన్ని అలా చూడాలి. డ్రమ్మర్ మిచ్ మిచెల్ కూడా తర్వాత ఇలాగే రాజీపడ్డాడు.

చిక్కు అంతకుముందే మొదలైంది. 1966లో యానిమల్స్ బ్యాండుకు గిటారిస్ట్ కావాలంటే ఆడిషన్‌కు వెళ్లిన రెడింగ్ చేత, ఆ బ్యాండు పాత బేసిస్ట్, అప్పటికి హెండ్రిక్స్ మేనేజరైన చాస్ చాండ్లర్ బేస్ పట్టించాడు. అక్టోబరు 11న హెండ్రిక్స్, రెడింగ్, మిచెల్ ముగ్గురూ చాండ్లర్, జెఫ్రీలతో రికార్డింగ్ ఒప్పందం మీద సంతకాలు చేశారు. రెడింగ్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు. అదే నెల 23న ‘హే జో’ రికార్డయింది. రికార్డింగుల కాపీరైట్ నిర్మాతలదేనని ఆ ఒప్పందంలో ఉందని సోనీ వాదన. 1973 రాజీతో మిగిలిన పేచీ కూడా తీరిపోయిందని అంటోంది.

రెడింగ్ బతికున్నంత కాలం చెప్పింది వేరు. ఇక కొత్త రికార్డులు పెద్దగా రావని నమ్మించడం వల్లే ఒప్పుకున్నానన్నాడు. తర్వాత సీడీలు వచ్చాయి, పాత ఆల్బమ్‌లు కొత్త అట్టల్లో మళ్లీ మళ్లీ అమ్ముడయ్యాయి. ఆయనేమో హెండ్రిక్స్‌తో వాయించిన బేస్ గిటార్‌ను అమ్ముకోవాల్సి వచ్చింది. ఐర్లండ్‌లోని క్లోనకిల్టీలో డి బారాస్ పబ్బులో ఏళ్ల తరబడి శుక్రవారం రాత్రుళ్లు వాయించాడు. 2002 మేలో, 56 ఏళ్లకే పోయాడు.

బ్యాండు మూడో ఆల్బమ్ ‘ఎలక్ట్రిక్ లేడీలాండ్’లో చాలాచోట్ల బేస్ హెండ్రిక్సే వాయించాడని కొందరు గుర్తుచేస్తారు. నిజమే. కానీ మొదటి రెండు ఆల్బమ్‌ల బేస్ రెడింగ్‌ది. మూడో దానిలో ‘లిటిల్ మిస్ స్ట్రేంజ్’ రాసి పాడిందీ ఆయనే.

ఇప్పుడు కోర్టుకెళ్లింది రెడింగ్, మిచెల్‌ల ఎస్టేట్లు. 1973లో స్ట్రీమింగ్ అనేదే లేదు. ఆన్‌లైన్‌లో పాట పెట్టడానికి కళాకారుడి అనుమతి కావాలన్న హక్కు బ్రిటన్ చట్టంలోకి 2003లో వచ్చింది. అప్పటికింకా పుట్టని హక్కును రెడింగ్ ఎలా వదులుకుంటాడన్నది వాళ్ల ప్రశ్న, గట్టి ప్రశ్నే. విచారణ అక్కర్లేదు, కేసు కొట్టేయండని సోనీ కోరితే 2024 జనవరిలో హైకోర్టు ఒప్పుకోలేదు. ప్రధాన వాదనలు విచారణకు వెళ్లాల్సిందేనని తేల్చింది.