నీలిమందు పైపూతే: ముడి డెనిమ్ ఎందుకు గుంజుకుంటుంది, ఎందుకు వెలుస్తుంది

బట్టల దుకాణాల్లో మనం కొనే జీన్స్ ప్యాంట్లలో అత్యధికం ఫ్యాక్టరీలోనే ఉతికి, మెత్తబరిచి, మోకాళ్ల దగ్గర కావాలని తెల్లబరిచి పంపినవే. జీన్స్ కుట్టే డెనిమ్ బట్టలో, మగ్గం దిగాక నీళ్లలో పడని ముడి డెనిమ్ సంగతి వేరు. అది ముదురు నీలంగా, నిలబెడితే నిలబడేంత బిర్రుగా ఉంటుంది. మొదటి ఉతుకులో గుంజుకుపోతుంది, తొడుక్కున్న కొద్దీ వెలిసిపోతుంది. కొన్నవాళ్లు ఈ రెండింటినీ నాసిరకానికి గుర్తులుగా భావించి దుకాణదారుతో తగవు పడటం సహజమే గానీ, నిజానికి ఆ బట్టను నేసిన తీరులోనూ, రంగు అద్దిన తీరులోనూ ఈ రెండు గుణాలూ ముందే ఇమిడి ఉన్నాయి.

ముందుగా బిర్రుతనం. మగ్గం మీద రాపిడికి తెగకుండా పడుగు దారాలకు గంజి పట్టిస్తారన్న విషయం నగరి, పుత్తూరు ప్రాంతాల మరమగ్గాల వారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. ముడి డెనిమ్‌లో ఆ గంజి అలాగే ఉండిపోతుంది. కొత్త ప్యాంటు మీద ఒక నీటి బొట్టు వేసి చూస్తే అది వెంటనే ఇంకకుండా కాసేపు పూసలా నిలుస్తుంది.

గుంజుకుపోవడానికి కారణం మాత్రం గంజి కాదు. నేసేటప్పుడు పడుగును బిగువుగా లాగి ఉంచుతారు. బట్ట ఆ బిగువుతోనే చుట్టగా మారి, ప్యాంటుగా కుట్టబడుతుంది. దాన్ని తడిపితే పత్తి పోగు పొడవులో పెద్దగా మారదు, లావులో మాత్రం బాగా ఉబ్బుతుంది. పేక దారం ఉబ్బినప్పుడు దాని మీదుగా వంగి వెళ్లే పడుగు దారం మునుపటికన్నా ఎక్కువ చుట్టు తిరగాలి. అదనపు పొడవు ఎక్కడి నుంచీ రాదు కనుక బట్టే పొట్టిదవుతుంది. ఆరిన తర్వాత కూడా దారాలు ఆ కొత్త వంపుల్లోనే స్థిరపడతాయి. ప్యాంటు కాలు పొడవునా నడిచేది పడుగే కాబట్టి పొడవులో తగ్గుదల కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నడుము దగ్గర తగ్గినది తొడుక్కుంటే కొంత సాగి తిరిగి వస్తుంది, పొడవు అంతగా రాదు.

అమెరికాకు చెందిన శాన్‌ఫర్డ్ క్లూయెట్ 1930 ప్రాంతంలో దీనికి ఒక విరుగుడు కనిపెట్టాడు. తడి ఆవిరి తగిలిన బట్టను మందమైన రబ్బరు పట్టీ మీద నొక్కి, ఆ పట్టీతోపాటు బట్ట కూడా పొడవులో కుదించుకునేలా చేస్తే, ఇంట్లో జరగవలసిన తగ్గుదల మిల్లులోనే జరిగిపోతుంది. ఆయన పేరు మీదనే దాన్ని శాన్‌ఫరైజింగ్ అంటారు. అది చేసిన డెనిమ్ 1 నుంచి 3 శాతం తగ్గితే, చేయనిది 10 శాతం దాకా తగ్గవచ్చు. అంటే 32 అంగుళాల కాలు మూడు అంగుళాలు పోగొట్టుకోవచ్చు. అందువల్ల కొన్న రోజే దర్జీ దగ్గర కింద మడిచి కుట్టించడం తొందరపాటు. వేడినీళ్లలో గంటసేపు నానబెట్టి, పిండకుండా ఆరేసి, ఆ తర్వాతే కొలత ఇవ్వాలి. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీళ్లే ఈ పనికి చాలా వరకు సరిపోతాయి.

ఇక రంగు. ప్యాంటు అంచు నుంచి ఒక నీలి దారాన్ని లాగి, పురి విప్పి చూస్తే లోపలి పోగులు తెల్లగా ఉంటాయి. ఆ దారానికి అద్దే నీలిమందు నీటిలో కరగదు. క్షారం కలిపిన తొట్టిలో రసాయనికంగా క్షయకరణం (ఆక్సీకరణకు వ్యతిరేక చర్య) చేస్తే అది కరిగే రూపంలోకి, పచ్చటి పసుపు ఛాయలోకి మారుతుంది. పడుగు దారాలను అందులో క్షణకాలం ముంచి పైకి తీస్తారు. గాలిలోని ఆక్సిజన్ తగలగానే రంగు మళ్లీ కరగని నీలంగా మారి పోగుల మధ్య చిక్కుకుంటుంది. ఇలా అనేకసార్లు ముంచి తీసినా రంగు దారం నడిబొడ్డు దాకా చేరకముందే పైపొరలో గట్టిపడిపోతుంది.

తిరుపతి పక్కనే ఉన్న శ్రీకాళహస్తి కలంకారీతో పోల్చితే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. అక్కడ నలుపు కోసం ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టిన ద్రావణాన్ని, కరక్కాయ పట్టించిన బట్ట మీద కలంతో గీస్తారు. ఇనుము, కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం కలిసి పోగులోనే కొత్త పదార్థంగా ఏర్పడతాయి. ఎరుపుకు పటిక ఇలాంటి వారధే అవుతుంది. నీలిమందుకు పత్తితో అటువంటి బలమైన రసాయనిక బంధం ఏదీ లేదు. సున్నం కొట్టిన గోడకు ఆనుకుంటే వీపుకు అంటుకున్నట్టే, కొత్త డెనిమ్ తెల్ల సోఫాకు నీలం అంటిస్తుంది. కొత్త బట్టను కల్లుప్పు నీళ్లలో నానబెట్టే మన ఇళ్ల అలవాటు కొన్ని ఇతర రంగులకు కొంత ఉపయోగపడవచ్చు గానీ, నీలిమందు విషయంలో ఉప్పుకు, వెనిగర్‌కు పట్టి ఉంచే శక్తి లేదు.

ఈ నీలిమందు ఒకప్పుడు మన కడప, నెల్లూరు సీమల్లో విస్తారంగా పండిన పంటే. జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ దాని అణు నిర్మాణాన్ని 1883లో తేల్చాడు, 1897లో బీఏఎస్‌ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిని మార్కెట్లోకి తెచ్చింది, ఆ తర్వాత ఆ సేద్యం కుప్పకూలింది. నేటి జీన్స్ దాదాపు అంతా ఆ కృత్రిమ నీలిదే. అణువు మాత్రం రెండింటిలోనూ ఒకటే.

పైపూత కనుకనే రాపిడి ఎక్కడుంటే తెలుపు అక్కడ బయటపడుతుంది. ముడి డెనిమ్ తొడుక్కుని అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవారి మోకాళ్ల వెనక, తొడల మొదట్లో ప్రతి అడుగుకూ అవే మడతలు పడతాయి. మడత శిఖరం రుద్దుకుని రంగు కోల్పోతుంది, లోయలో నీలం మిగులుతుంది. ఫ్యాక్టరీలు ఇదే ఫలితాన్ని గంటల్లో సాధించడానికి ప్యూమిస్ అనే తేలికైన అగ్నిపర్వత రాళ్లు, పత్తిని కొరికే సెల్యులేజ్ ఎంజైములు వాడతాయి. ఇసుకను వేగంగా చిమ్మి తెల్లబరిచే పద్ధతి పనివాళ్లకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధి తెచ్చిపెట్టడంతో టర్కీ 2009లో దాన్ని నిషేధించింది. వెలిసిన జీన్స్ కావాలనుకునేవారు తామే తొడిగి వెలయించుకోవడం మేలని నేననడానికి ఇదొక ముఖ్య కారణం.

అలాగని నెలల తరబడి ఉతకకూడదన్న పట్టుదలను నేను సమర్థించను. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి 15 నెలలు ఉతకకుండా తొడిగిన జీన్స్‌లోని బ్యాక్టీరియా, ఉతికాక 13 రోజులు తొడిగినప్పటి బ్యాక్టీరియాతో దాదాపు సమానంగా ఉన్నట్టు 2011లో వెల్లడైన మాట నిజమే. అయితే అది ఒకే ఒక్కరి ప్యాంటు, పైగా చలిదేశపు ప్యాంటు. మన ఎండల్లో చెమట ఉప్పు, దుమ్ములోని సన్నటి ఇసుక రేణువులు మడతల్లో చేరి ప్రతి కదలికకూ పోగులను కోస్తూ ఉంటాయి; రంగు కాపాడబోయి తొడల మధ్య బట్టే చిరిగిపోతుంది.

ఉతికేటప్పుడు తిరగేసి, చల్లటి నీళ్లలో, బ్లీచ్ లేని ద్రవ డిటర్జెంట్ వాడాలి. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బు బిళ్లతో కలిసి కరగని తెల్లటి మడ్డిగా మారి ముదురు బట్ట మీద చారలు కడతాయి. ఉతుకుడు బండ మీద మడత పెట్టి బ్రష్‌తో రుద్దితే ఆ మడత గీత శాశ్వతంగా తెల్లబడుతుంది. మెషిన్లో ప్యాంటును కుక్కి తిప్పినా అదే ఫలితం. ఆరేయడం కూడా తిరగేసి, నీడలోనే. ఎండ నీలిమందు అణువునే విరగ్గొడుతుంది, ఆ వెలుపు మడతలను అనుసరించకుండా ప్యాంటు అంతటా ఒకే తీరుగా పాలిపోయి కనిపిస్తుంది.