టీషర్ట్ మీద 4:13

ఆదివారం ఆరాధన అయ్యాక హనుమకొండ చౌరస్తాలో కాసేపు నిలబడితే టీషర్టుల మీదే సగం బైబిలు చదవొచ్చు. మొన్న ఒక కుర్రాడి ఛాతీ మీద వాక్యం కూడా లేదు, ‘4:13’ అని అంకెలే ఉన్నాయి. తెలిసినవాళ్ళకు అది ఫిలిప్పీయులకు పౌలు రాసిన పత్రిక, అంటే ఉత్తరం, 4వ అధ్యాయం 13వ వచనం. నన్ను బలపరిచేవాని వల్ల అన్నీ చేయగలను అనే మాట అది. ఇప్పుడు దాన్ని జిమ్‌కూ, క్రికెట్ టోర్నమెంటుకూ, గ్రూప్స్ కోచింగ్‌కూ వేసుకెళ్తున్నారు. అయితే పౌలు ఆ మాట బంధకాల్లో, అంటే ఖైదులో ఉండి రాశాడు. దాని ముందు వచనంలో ఉన్నది గెలుపు కాదు. కడుపు నిండినా, ఆకలితో ఉన్నా, ఉన్నా లేకపోయినా సర్దుకోవడం నేర్చుకున్నానంటాడు. ఆకలిని ఓర్చుకోవడం గురించిన మాట మూడొందల టీషర్టు మీద కప్పు కొట్టే మాటయింది.

బట్ట మీద భక్తి గుర్తు కొత్తదేం కాదు. బట్టల అంచులకు కుచ్చులు కట్టుకొని వాటికి నీలి దారం పెట్టుకోమని సంఖ్యాకాండం 15వ అధ్యాయమే చెబుతుంది. చూసినప్పుడల్లా ఆజ్ఞలు గుర్తుకు రావాలని ఆ ఏర్పాటు. మత్తయి 23వ అధ్యాయానికి వచ్చేసరికి, నలుగురికీ కనబడాలని, వాక్యాలు పెట్టి కట్టుకునే రక్షరేకులు వెడల్పు చేసుకొని చెంగులు పెద్దవి చేసుకునేవాళ్ళను యేసు తప్పుపడతాడు. కుచ్చులు పెట్టుకోమన్న గ్రంథమే వాటి సైజు పెరిగితే ఒప్పుకోలేదు. ఇవాళ చర్చిల్లో టీషర్టుల మీద వచ్చే వాదనలో రెండు పక్షాలకూ వాక్యం దొరికేది ఇందుకే.

అమ్మకం సంగతీ పాతదే. మధ్యయుగాల యూరప్‌లో యాత్రికులు పుణ్యక్షేత్రాల నుంచి తగరపు బిళ్ళలు కొనుక్కొని టోపీలకు, అంగీలకు కుట్టుకునేవారు. స్పెయిన్‌లోని సంతియాగోకు వెళ్ళొచ్చినవాళ్ళ గుర్తు ఆల్చిప్ప. మన దగ్గర చూడాలంటే కాజీపేటలో ఫాతిమా మాత ఉత్సవాలకు వెళ్ళండి. ఉత్సవాల రోజుల్లో జపమాలలు, కొవ్వొత్తులు, మెడలో వేసుకునే బట్ట ముక్కల ఉత్తరీయాలు, వాటి పక్కనే మిఠాయి, బొమ్మలు, గాజులు అమ్ముతారు. సమ్మక్క జాతరలో బెల్లం, కొండగట్టు దారిలో కాషాయ బట్టలు అమ్మినట్టే ఇదీ. దీన్ని చూసి ముక్కు విరిచేవాళ్ళంటే నాకు పెద్దగా గౌరవం లేదు. జాతరంటే అంగడి ఉంటుంది. కాకపోతే కతోలిక సంఘం ఇక్కడ ఒక గీత గీసింది. జపమాలకు ధర ఉండొచ్చు, ఆశీర్వదించారని చెప్పి ఆ ధర పెంచకూడదు. అపొస్తలుల కార్యాల్లో సీమోను అనే గారడీవాడు డబ్బిచ్చి పరిశుద్ధాత్మ శక్తిని కొనబోతే పేతురు కసిరి పంపిన కథ ఈ నియమానికి మూలం. వస్తువును అమ్ముకో, దీవెనను అమ్మకు. టీవీలో ఫోన్ నంబరు వేసి ప్రార్థన నూనె సీసాలు పంపిస్తామనే వాళ్ళను ఈ గీతతో కొలిచి చూస్తే, టీషర్టు అమ్మేవాడు చాలా నయం.

మన ప్రాంతపు కథలో ముఖ్యమైన భాగం డోర్నకల్‌ది. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లాలో ఉంది. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో పెట్టుకున్న మిషనరీ సంఘం తరఫున వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో ఇక్కడికి వచ్చారు. 1912 డిసెంబరు 29న బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. విశ్వాసుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్ళు, వెట్టి చేసినవాళ్ళు, కూలి గింజల మీద బతికినవాళ్ళు. ఇలాంటివాళ్ళ దగ్గర కానుక ఏం అడుగుతాం అని ఆయన ఆగలేదు. ఆడవాళ్ళు వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు పక్కన కుండలో వేసి చర్చికి తెచ్చేవారు. పంట పండుగకు ధాన్యం, కోళ్ళు, గుమ్మడికాయలు వచ్చేవి. రూపాయి కళ్ళచూడని ఇంటి నుంచి కూడా ఏదో ఒకటి వచ్చేది.

నినాదం కూడా అప్పుడు ఉంది, బట్ట మీద కాదు. బాప్తిస్మం పొందినవాళ్ళ చేత తమ తల మీద తామే చెయ్యి పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ, అంటే నాకు చేటు అని అజరయ్య గట్టిగా అనిపించేవారట. దానికి ప్రింటింగ్ ఖర్చు లేదు. కాకపోతే సోమవారం పొద్దున దొర ఇంటి ముందు అదే తలతో నిలబడాలి.

ఆ తర్వాత బట్ట మాట్లాడటం మొదలుపెట్టింది, అదీ అక్షరాలు లేకుండా. సువార్తికుడు బఖ్త్‌సింగ్ పెట్టిన సహవాసాల్లోనూ, పెంతెకొస్తు సంఘాల్లోనూ తెల్ల చీర, తెల్ల చొక్కా గుర్తయ్యాయి. ఆడవాళ్ళు నగలు తీసేశారు, బొట్టు తీసేశారు. తెలంగాణ పల్లెలో బొట్టు లేని మొహం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. భర్త బతికుండగా ఆ మొహంతో బావి దగ్గరికి, నాట్లకు, బతుకమ్మ ఆడే వీధిలోంచి పోవడం అంటే రోజూ ఒక మాట పడటమే. ‘ఏందక్కా, గిట్లయితివి’ అనే మాట మా వాడలో నా చిన్నప్పుడు విన్నదే. ఆ గుర్తు ఎవరూ అమ్మలేదు, ఎవరూ కొనలేదు. ఉన్న పుస్తెలు కూడా తీయించిన సంఘాల కఠినత్వం నాకు నచ్చదు, అది వేరే సంగతి.

అక్షరాలు అమెరికా నుంచి వచ్చాయి. 1960ల చివర్లో కాలిఫోర్నియాలో హిప్పీల్లోంచి ‘జీసస్ పీపుల్’ అనే గుంపులు పుట్టాయి. వాళ్ళ వెంట స్టిక్కర్లు, బిళ్ళలు, టీషర్టులు వచ్చాయి. ‘యేసు అయితే ఏం చేసేవాడు’ అనే మాట దానికంటే పాతది. చార్లెస్ షెల్డన్ అనే పాస్టరు 1896 నాటి నవలతో దాన్ని ఇంటింటికీ చేర్చాడు. కాపీరైటు సరిగా చేయించకపోవడంతో ఎవరికి వాళ్ళు అచ్చేసుకున్నారు, ఆయనకు దక్కింది తక్కువే. 1989లో మిషిగన్ రాష్ట్రంలో ఒక యువజన నాయకురాలు ఇంగ్లీషులో ఆ మాటకున్న నాలుగు మొదటి అక్షరాలను (WWJD) దారం బ్రేస్‌లెట్ల మీద నేయించి పిల్లలకిచ్చింది. 1990ల చివరికి అవి కోట్లలో అమ్ముడుపోయాయి. ఆ సరుకునంతా కలిపి ‘జీసస్ జంక్’ అని ఎగతాళి చేసింది కూడా అక్కడి విశ్వాసులే.

ఇక్కడ చాలాకాలం ఆ పని ఆటోలు చేశాయి. అద్దం మీద ‘యెహోవా నా కాపరి’, వెనక ‘దేవుని కృప’. గోడకు సంఘం క్యాలెండరు, డిసెంబరు 31 రాత్రి తీసుకునే వాగ్దానం కార్డు. బట్టకు ఖర్చు ఎక్కువయ్యేది. స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగుకో ఫ్రేము కట్టాలి కాబట్టి పది, ఇరవై పీసులకు షాపువాడు ఒప్పుకోడు. అందుకని వీబీఎస్‌కో (పిల్లల వేసవి బైబిలు బడి), యూత్ మీటింగుకో, సెమీ క్రిస్మస్‌కో అందరూ కలిసి ఒకే రంగులో వేయించుకునేవారు. ఇప్పుడు డీటీఎఫ్ అనే ప్రింటింగ్ వచ్చింది. ఫిల్ము మీద ప్రింటు తీసి వేడి మిషన్ కింద నొక్కితే ఒక్క పీసు కూడా అయిపోతుంది. తిరుప్పూరు నుంచి ఉత్త టీషర్టు, ఫోన్‌లోంచి డిజైను, పావుగంటలో చేతికి. ఎన్నికలొస్తే సిరిసిల్ల మగ్గాలు అన్ని పార్టీల కండువాలకూ బట్ట నేసినట్టే, ఈ షాపులు అయ్యప్ప దీక్షకూ, హనుమాన్ జయంతికీ, క్రిస్మస్‌కూ అదే మిషన్ మీద వేస్తాయి.

సరుకు మీద వేసే పవిత్రమైన పేరు ఎవరి సొత్తు అనే ప్రశ్నకు మన చట్టంలో కొంత జవాబుంది. ‘రామాయణ్’ అనే పేరును అగరబత్తులకు ట్రేడ్‌మార్కుగా ఇవ్వడానికి సుప్రీంకోర్టు 2015లో ఒప్పుకోలేదు. పవిత్ర గ్రంథం పేరు ఒక్కరి సరుకుకు కట్టేయకూడదంది.

వ్యాపారం గురించి ఇంత మాట్లాడేవాళ్ళు ఒకటి వదిలేస్తారు. ఆ టీషర్టు వేసుకుంటే క్రైస్తవుడని తెలిసిపోతుంది. మరి అది వేసుకొని ఎక్కడికి పోవచ్చు, ఎక్కడికి పోకూడదు? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి మారిన దళితులు మన రాష్ట్రంలో బీసీ-సి, రిజర్వేషన్లలో వాటా 1 శాతం. కులం ఊళ్ళో మారదు, కాగితం మీద మారుతుంది. 2024 నవంబరులో ఎస్సీ సర్టిఫికెట్ అడిగిన ఒక కేసులో సుప్రీంకోర్టు బాప్తిస్మాన్నీ, చర్చికి వెళ్ళడాన్నీ క్రైస్తవురాలనడానికి ఆధారాలుగా తీసుకుంది. క్రైస్తవంలోకి మారి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం రక్షణ వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది.

వరంగల్‌లో ఒక ప్రింటింగ్ షాపతన్ని ఏ డిజైను ఎక్కువ పోతుందని అడిగాను. కన్వెన్షన్లకు సిలువ, వాక్యం పెద్దగా వేయించుకుంటారట. రోజూ వేసుకునే టీషర్టుకు మాత్రం కొందరు పత్రిక పేరు తీసేసి అంకెలే చాలంటారట. స్టైలు కోసమా అన్నాను.

‘కొంత స్టైలే అన్నా,’ అన్నాడు, ‘కొందరేమో ఆఫీసుకు పోయేదుంటది అంటరు.’