రత్నపురుష ఇంటిపేరు

చెన్నై జార్జ్‌టౌన్‌లోని ఒక నాటుమందుల దుకాణంలో ఈమధ్య రెండు పొట్లాలు పక్కపక్కన పెట్టి చూశాను. రెంటి మీదా తమిళంలో ‘ఓరిదళ్ తామరై’ అనే ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఉన్న శాస్త్రీయ నామాలు మాత్రం వేరు. ఒకదాని మీద అయొనీడియం సఫ్రూటికోసం, రెండోదాని మీద హైబాంథస్ ఎన్నియాస్పెర్మస్. దుకాణదారు తెలుగువారే. “రెండూ ఒకటేనండీ, మన రత్నపురుష. కంపెనీలే వేరు” అన్నారు. ఆయన మాట నిజమే. లేబుళ్లు కూడా అబద్ధమాడలేదు. కాకపోతే రెండూ పాతబడిన పేర్లు.

వానలు పడ్డాక చెన్నై శివారు తాంబరం దాటి ఖాళీ స్థలాల్లో వెతికితే ఈ మొక్క కనిపిస్తుంది. మూరెడు ఎత్తు కూడా ఉండదు. పువ్వుకు రేకులు ఐదే అయినా నాలుగు పొట్టిగా ముడుచుకుని ఉంటాయి. కింది రేకు ఒక్కటే వెడల్పుగా, గులాబీ కలిసిన ఊదా రంగులో చాచిన నాలుకలా ఉంటుంది. తమిళంలో ఓరిదళ్ అంటే ఒంటి రేకు. తామరతో దీనికి ఏ చుట్టరికమూ లేదు. ఇది వయొలెట్ల కుటుంబం, అంటే వయొలేసీ. వయొలెట్ అనగానే చలిదేశాల తోటల్లోని చిన్న పూలు గుర్తొస్తాయి గానీ, సుమారు 1,000 నుంచి 1,100 జాతులున్న ఈ కుటుంబంలో ఎక్కువ ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపులు) ఉష్ణమండలానివే. వాటిలో పొదలున్నాయి, తీగలున్నాయి, చెట్లూ ఉన్నాయి. రినోరియా అనే ప్రజాతి మొక్కను చూపించి ఇది వయొలెట్ బంధువు అంటే ఎవరూ నమ్మరు.

స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పెట్టిన రెండు మాటల పేర్ల పద్ధతి తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. ముందు ఇంటిపేరు, తరువాత సొంత పేరు. ప్రజాతి ఇంటిపేరు, జాతి సొంత పేరు. ఇంగ్లిషువారికి ఇది తలకిందుల వరస, మనకు పెళ్లిపత్రికల్లో రోజూ చూసేదే.

1753లో లిన్నేయస్ ఈ మొక్కను వయొలెట్ల ప్రజాతి అయిన వయొలా ఇంట చేర్చి ‘ఎన్నియాస్పెర్మా’ అన్నాడు. తొమ్మిది గింజలది అని అర్థం. విచిత్రమేమిటంటే అదే పుస్తకంలో వయొలా సఫ్రూటికోసా అని మరో పేరూ పెట్టాడు. ఆ రెండూ ఒకే మొక్కవని తరువాతి వాళ్లు తేల్చారు. అసలు వయొలా పువ్వుల్లో రక్షకపత్రాల అడుగున చెవితమ్మెల్లాంటి తోకలుంటాయి. రత్నపురుషకు అవి లేవు. అందుకని దీన్ని వయొలా ఇంటి నుంచి పంపించేశారు. 1803లో వెంటెనా అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఏర్పరచిన అయొనీడియం అనే ప్రజాతిలో కొంతకాలం ఉంది. బ్రిటిష్ ఇండియా వృక్షాలపై హుకర్ 1872లో మొదలుపెట్టిన గ్రంథంలోనూ ఆ పేరే. మన మందుల పుస్తకాలు దాన్నే పట్టుకున్నాయి. అయితే అమెరికా మొక్కల కోసం జాకిన్ 1760లోనే హైబాంథస్ అనే పేరు పెట్టి ఉన్నాడు. రెండూ ఒకే ప్రజాతి అనుకుంటే ముందు పుట్టిన పేరే చెల్లాలి. 1876లో ఆస్ట్రేలియాలో ముల్లర్ మన మొక్కను అందులోకి మార్చాడు.

ఆ ఇల్లు క్రమంగా సత్రమైంది. కింది రేకు పెద్దదిగా ఉన్న మొక్కలెన్నో అందులోకి వచ్చి చేరాయి. 2014లో ఈ కుటుంబపు డీఎన్‌ఏ పరిశీలన ఒకటి వెలువడింది. అందులో హైబాంథస్ అనుకున్నవన్నీ ఒక్క వంశం కావని, తొమ్మిది వేర్వేరు కొమ్మల్లో చెదిరి ఉన్నాయని తేలింది. ఇరుగుపొరుగు పిల్లలందరికీ ఒకే చొక్కా తొడిగి అన్నదమ్ములనుకున్నట్టయింది. రేకు పోలిక వంశానికి గుర్తు కాదన్నమాట. దాంతో పాత పేర్లు తవ్వి తీయాల్సి వచ్చింది. 1824 నాటి పిజియా అలా మళ్లీ లేచి వచ్చింది. ఇప్పుడు రత్నపురుష పిజియా ఎన్నియాస్పెర్మా.

ఇందులో నాకు బాగా నచ్చినది వ్యాకరణం. వయొలా స్త్రీలింగం కాబట్టి ఎన్నియాస్పెర్మా. హైబాంథస్ పుంలింగం కాబట్టి ఎన్నియాస్పెర్మస్. పిజియా మళ్లీ స్త్రీలింగం. అలా చివరి అక్షరం తిరిగి 1753 నాటి రూపానికే వచ్చింది. ఇన్నిసార్లు ఇల్లు మారినా ఎన్నియాస్పెర్మా అనే సొంత పేరు చివరికి పోలేదు. దాన్ని పెట్టిన లిన్నేయస్ గుర్తుగా బ్రాకెట్లలో ‘ఎల్’ అనే ఒంటి అక్షరం ప్రతిసారీ వెంట వచ్చింది. నామకరణ నియమాలు మొండివని విసుక్కునేవాళ్లు ఉన్నారు. నేనైతే ఆ మొండితనం వల్లే రెండు పొట్లాల్లోనూ ఒకటే ఉందని లెక్క తేల్చుకోగలిగాను.

ఇంటికొచ్చాక తాంబరం నుంచి తెచ్చిన ఒక పండిన కాయను పళ్లెంలో పెట్టి ఎండనిచ్చాను. కాయ మూడు పడవల్లా విచ్చుకుంది. ఎండేకొద్దీ ఆ పడవల అంచులు దగ్గరికి ముడుచుకుని, మధ్యనున్న గింజల్ని ఒత్తి చిమ్మేస్తాయి. టప్పున ఒకటి వెళ్లి గోడకు తగిలింది. మధ్యాహ్నానికి అన్నీ ఏరి లెక్కపెడితే ఏడు. మిగతా రెండు బీరువా కింద ఉండాలి.