కారులో పిల్లల భద్రత: మా సర్వీసు సెంటర్‌లో రోజూ వినే అపోహలు

శ్రీకాకుళంలో కార్ల సర్వీసింగ్ నా పని. పిల్లల కోసం కంపెనీ ఇచ్చిన ఏర్పాట్లు చాలా కార్లలో ఎవరూ ముట్టకుండానే ఉండిపోవడం చూస్తుంటే బాధేస్తుంది. దానికి కారణమైన మాటలు కొన్ని ఇవి.

అపోహ: "నా ఒళ్లో ఉంటే ఆడికేటవుద్ది బాబూ?"

వాస్తవం: నాన్నమ్మలు, అమ్మమ్మలు ప్రేమతో అనే మాట ఇది. కానీ గంటకు 50 కిలోమీటర్ల వేగంలో కారు గుద్దుకుంటే 10 కిలోల పిల్లాణ్ణి పట్టి ఆపడానికి, ఆ క్షణంలో సుమారు 300 కిలోల బరువును ఆపేంత బలం కావాలి. అది ఎవరి చేతుల్లోనూ ఉండదు. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెడితే పెద్దవాళ్ల బరువంతా పిల్లాడి మీదే పడుతుంది. రణస్థలం మీదుగా విశాఖ వెళ్లేటప్పుడు హైవే మీద 50లోనే వెళ్లేవాళ్లు ఎంతమంది?

అపోహ: ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ ఉంది కాబట్టి పాపకు అక్కడే సేఫ్.

వాస్తవం: అది బెల్టు పెట్టుకున్న పెద్దవాళ్ల కోసం చేసింది. వెనక్కి తిరిగి ఉండే బేబీ సీటును దాని ముందు పెడితే, విచ్చుకునే ఎయిర్‌బ్యాగే పాప ప్రాణం తీయగలదు. సన్ వైజర్ మీద ఎర్ర గీత కొట్టిన బొమ్మ ఉండేది అందుకే. పిల్లలు వెనకే కూర్చోవాలి.

అపోహ: మాది 5 స్టార్ కారు, ఇంక చైల్డ్ సీటు ఎందుకు?

వాస్తవం: కార్లను గుద్దించి పరీక్షించి స్టార్లు ఇచ్చే మన దేశపు పథకం భారత్ ఎన్‌క్యాప్‌లో పెద్దలకూ పిల్లలకూ రేటింగ్ వేరువేరు. 18 నెలల, 3 ఏళ్ల పిల్లల సైజు డమ్మీలను చైల్డ్ సీట్లలో కట్టి పరీక్షించాకే పిల్లల స్టార్లు ఇస్తారు. అంటే సీటు లేకపోతే ఆ స్టార్లు మీ పిల్లలకు లెక్కలోకి రావు.

అపోహ: మా కారులో ఐసోఫిక్స్ లేదు.

వాస్తవం: కొత్త చైల్డ్ సీటు పట్టుకొచ్చి ఒకాయన ఇదే అన్నారు. వెనక సీటుకు వేయించిన రెగ్జిన్ కవర్ కుట్టు కాస్త విప్పితే, వీపు భాగం, కుషన్ కలిసేచోట రెండు ఇనుప కడ్డీలు బయటపడ్డాయి. ఐసోఫిక్స్ అంటే చైల్డ్ సీటును తగిలించి బిగించే ఆ కడ్డీలే. కవర్లు కుట్టించేటప్పుడు అక్కడ ఖాళీ వదలమని గట్టిగా చెప్పండి. సీటు బిగించాక కింద పట్టుకుని ఊపి చూడండి, అంగుళానికి మించి కదలకూడదు. ఐసోఫిక్స్ నిజంగానే లేకపోయినా టెన్షన్ వద్దు, కారు బెల్టుతో కట్టుకునే సీట్లు దొరుకుతాయి.

అపోహ: ఏడేళ్లొచ్చాయి, మామూలు బెల్టు చాలు.

వాస్తవం: వయసు కాదు, ఎత్తు చూడాలి. కనీసం 135 సెంటీమీటర్లు వచ్చేదాకా బూస్టర్ (కారు బెల్టు సరిగ్గా పడేలా పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టే సీటు) కావాలి. పై బెల్టు భుజం మధ్య నుంచి, కింది బెల్టు పొట్ట మీద కాకుండా తొడల మొదట్లో ఉండాలి. మెడకు ఒరుసుకుంటోందని చంక కింద నుంచి వేసేస్తారు. దయచేసి అలా చేయకండి. బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా 14 ఏళ్లలోపు పిల్లల్ని తీసుకెళ్తే 1000 రూపాయల ఫైన్ కూడా ఉంది.

అపోహ: సెంట్రల్ లాక్ వేస్తే చైల్డ్ లాక్ పడినట్టే.

వాస్తవం: కాదు. సెంట్రల్ లాక్ వేసినా చాలా కార్లలో లోపలి హ్యాండిల్ లాగితే తలుపు తెరుచుకుంటుంది. వెనక తలుపు తెరిచి, అంచున లాక్ దగ్గరుండే చిన్న మీటను చూడండి. చైల్డ్ లాక్ అదే. రెండు తలుపులకూ విడివిడిగా వేసుకోవాలి.