హాలీవుడ్ బొమ్మ, మాంగా గీత: మధ్యలో హక్కుల కథ

జపాన్ మాంగాల (బొమ్మల కథల పుస్తకాల) హక్కులు కొని హాలీవుడ్ సినిమాలు తీస్తోందని తరచూ వార్తలు చదువుతుంటాం. దీనికి ఎదురుదారి ఇంకా పాతది. హాలీవుడ్ సినిమా చూసొచ్చి దాన్ని మాంగాగా గీయడం జపాన్‌లో డెబ్బై ఎనభై ఏళ్ల కిందటే మొదలైంది. అప్పట్లో హక్కుల గురించి ఆలోచించినవాళ్లు తక్కువ. ఇప్పుడు ఎవరైనా ఒక పాత క్లాసిక్‌ను మాంగాగా వేయాలనుకుంటే ముందు లాయర్ దగ్గరికి వెళ్లాలి. ఈ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే యుద్ధం ముగిసిన రోజుల నుంచి మొదలుపెట్టాలి.

1941 డిసెంబర్‌లో అమెరికాతో యుద్ధం మొదలవగానే జపాన్ థియేటర్లలో హాలీవుడ్ సినిమాలు ఆగిపోయాయి. ఓడిపోయాక, అమెరికా ఆక్రమణలో, 1946 ఫిబ్రవరిలో ‘మేడమ్ క్యూరీ’తో పాటు మరో సినిమా విడుదలై ఆ కరవు తీరింది. హాలీవుడ్ స్టూడియోల సినిమాలన్నీ ఒకే పంపిణీ సంస్థ ద్వారా వచ్చేవి. జపాన్ వాళ్లకు అమెరికా జీవితం చూపించి ప్రజాస్వామ్యం నేర్పాలన్నది ఆక్రమణ అధికారుల ఉద్దేశం. ఏళ్ల తరబడి పేరుకుపోయిన సినిమాలు వరదలా వచ్చిపడ్డాయి. ‘కాసాబ్లాంకా’ 1946లోనే వచ్చింది. 1937లో తీసిన ‘స్నో వైట్’ జపాన్ పిల్లలకు 1950లో గానీ కనిపించలేదు. ‘గాన్ విత్ ద విండ్’కి 1952 దాకా ఆగాల్సి వచ్చింది.

అప్పటికి టీవీ లేదు, అది 1953లో వచ్చింది. వీడియో క్యాసెట్ల మాట సరేసరి. థియేటర్ నుంచి సినిమా వెళ్లిపోయిందంటే మళ్లీ చూసే దారి లేదు. మన దగ్గర వెండితెర నవలలు ఎందుకు అమ్ముడుపోయేవో, అక్కడ సినిమా కథల మాంగా కూడా అందుకే అమ్ముడుపోయింది. చూసినవాళ్లు దాచుకోవడానికి కొనేవారు. టికెట్ కొనలేని పిల్లలు అందులోనే సినిమా చూసేసేవారు.

ఒసాకాలో మాత్సుయామాచి అనే వీధి ఉంది. బొమ్మలకు, పిల్లల తినుబండారాలకు హోల్‌సేల్ బజారు. యుద్ధం తర్వాత కాగితం రేషన్‌లో ఉన్న రోజుల్లో, నియంత్రణ లేని నాసిరకం కాగితం మీద చవక మాంగా పుస్తకాలు అచ్చేసి ఈ బజారు నుంచే ఊళ్లకు పంపేవారు. అట్టల మీద ఎర్ర రంగు కొట్టొచ్చినట్టు ఉండేది కాబట్టి వీటిని ‘అకాహోన్’, అంటే ఎర్ర పుస్తకాలు, అనేవారు. పుస్తకాల షాపుల్లో కంటే మిఠాయి కొట్లలో, బొమ్మల కొట్లలో ఎక్కువ దొరికేవి. ఇలాంటి సరుకు కోసం హాలీవుడ్‌కు ఉత్తరం రాసి హక్కులు కొనే ప్రచురణకర్త ఎవరుంటారు?

మాంగా దిగ్గజం ఒసాము తెజుకా పైకి వచ్చింది ఈ బజారు నుంచే. 1928లో పుట్టిన ఆయన చిన్నప్పుడే ఇంట్లో సినిమాలు చూసిన అదృష్టవంతుడు. తండ్రి దగ్గర పాథే బేబీ ప్రొజెక్టర్ ఉండేది. చాప్లిన్, డిస్నీ రీళ్లు గోడ మీద ఆడేవి. వైద్యవిద్యార్థిగా ఉండగా, 1947లో షిచిమా సకాయ్ కథతో గీసిన ‘షిన్ తకరాజిమా’, అంటే కొత్త నిధి ద్వీపం, పెద్ద హిట్టయింది. అదే ఏడు తెజుకా ‘కింగ్ కాంగ్’ని కూడా ఎర్ర పుస్తకంగా గీశాడు. ఆ తర్వాత టార్జాన్ వంతు. మన సినిమావాళ్లు ‘ఫ్రీమేక్’ అంటారే, అచ్చంగా అదే.

‘షిన్ తకరాజిమా’ మొదటి పేజీల్లో కారు దూసుకొచ్చే తీరు చూసి, మాంగాలోకి సినిమా కెమెరాను తెచ్చినవాడు తెజుకా అని చాలామంది రాశారు. ఈ మాట కొంచెం ఎక్కువేనని నాకనిపిస్తుంది. సకాయ్ స్వయంగా యానిమేషన్‌లో పనిచేసినవాడు. యుద్ధానికి ముందు మాంగాలోనూ సినిమా ఛాయలున్నాయి. తెజుకా నిజంగా కొత్తగా తెచ్చింది హాలీవుడ్ స్టూడియో పద్ధతి. తన పాత్రలను నటుల్లా చూసుకున్నాడు. ఒక కథలో విలన్‌గా వేసిన ముఖం ఇంకో కథలో ఇంకో పేరుతో వచ్చేది. పాఠకులు కూడా వాళ్లను స్టార్లలాగే గుర్తుపట్టేవారు.

డిస్నీ మీద ఆయనకున్న అభిమానం దాపరికం లేనిది. 1949 నాటి ఆయన మాంగా ‘మెట్రోపోలిస్’లో రాక్షస ఎలుకలొస్తాయి. అచ్చం మిక్కీ మౌస్ పోలిక, శాస్త్రీయ నామం ‘మికిమౌస్ వాల్ట్‌డిస్నియస్’. ఇవాళ ఇలాంటి జోకు వేస్తే మర్నాడే నోటీసు వస్తుంది. 1951లో ‘బాంబీ’ జపాన్‌లో విడుదలైనప్పుడు ఎనభై సార్లకు పైగా చూశానని తెజుకానే చెప్పుకున్నాడు. దాన్ని, ‘పినోకియో’ని 1950ల తొలినాళ్లలో మాంగాగా గీశాడు. హక్కుల చిక్కు ఎలా ఉంటుందో ఈ రెండు పుస్తకాలే చెబుతాయి. కొదాన్షా సంస్థ నాలుగు వందల సంపుటాలుగా తెచ్చిన తెజుకా సమగ్ర రచనల్లో వాటికి చోటు దొరకలేదు. డిస్నీ అనుమతితో అవి మళ్లీ అచ్చయింది 2005లో. అప్పటికి ఆయన పోయి పదహారేళ్లు.

నన్నడిగితే ఈ చరిత్రలో అసలు మలుపు అమ్మాయిల పత్రికల్లో ఉంది. 1950లలో వాటి నిండా కన్నీటి కథలే. తల్లికి దూరమైన కూతురు, పేద ఇంటి బ్యాలే డ్యాన్సర్, ఇలాంటివి. ఆడపిల్లల పత్రికలో ప్రేమకథ అంటే పెద్దలకు టెన్షన్. 1963లో షుయేషా ‘మార్గరెట్’ అనే వారపత్రిక మొదలుపెట్టింది. పోటీగా కొదాన్షా ‘షోజో ఫ్రెండ్’ ఉంది. వారం వారం పేజీలు నింపాలి, కొత్త రకం కథలు కావాలి.

హిదెకో మిజునో అనే యువతి ఆ లోటు తీర్చింది. 1939లో షిమొనొసెకిలో పుట్టి, టోక్యోలో చాలామంది మాంగా కళాకారులు ఉన్న తొకివా-సో మేడలో 1958లో కొన్నాళ్లు బస చేసిన ఏకైక మహిళ ఆమె. 1963లో ఆద్రే హెప్బర్న్ ‘సబ్రీనా’ ఆధారంగా ‘సుతెకినా కోరా’ గీసింది. జాన్ ఫోర్డ్ తీసిన ‘ద క్వయట్ మ్యాన్’ని 1966లో ‘అకాగె నో స్కార్లెట్’గా మార్చింది, అంటే ఎర్రజుట్టు స్కార్లెట్. మసాకో వతనాబె, చియెకో హొసొకావా లాంటివాళ్లు కూడా అమెరికన్ రొమాంటిక్ కామెడీలను ఇలాగే వాడుకున్నారు.

ఇక్కడ మిజునో తెలివి గమనించాలి. సినిమాను ఫ్రేముకు ఫ్రేము దించలేదు. పేర్లు మార్చింది, కథను పన్నెండు పదమూడేళ్ల పాఠకురాలికి తగ్గట్టు మలిచింది. జాన్ వేన్ నటించిన ‘ద క్వయట్ మ్యాన్’ మగవాడి కథ. పత్రికలో దాని పేరే ఎర్రజుట్టు అమ్మాయిది అయింది. కథ విదేశంలో జరుగుతోంది కాబట్టి హీరో హీరోయిన్లు పోట్లాడుకున్నా, ముద్దు పెట్టుకున్నా ‘వాళ్ల దేశంలో అంతే’ అని సరిపెట్టుకోవచ్చు. ఆడపిల్లల మాంగాలో నవ్విస్తూ నడిచే ప్రేమకథకు దారి వేసింది ఈ అరువు కథలే. తర్వాత తరం వాళ్లు అదే మూసను జపాన్ హైస్కూల్‌కు తీసుకెళ్లారు. అప్పుడు సినిమా అవసరం లేకుండా పోయింది.

1971 జనవరిలో కొత్త కాపీరైట్ చట్టం అమల్లోకి వచ్చింది. పత్రికలు పెద్ద వ్యాపారమయ్యాయి. అనుమతి లేని రూపాంతరం నష్టాల బేరమైంది. ఇక మిగిలింది లైసెన్స్ తీసుకుని వేసే మాంగా. అందులో మంచి పని ‘స్టార్ వార్స్’ది. 1997 నుంచి మీడియావర్క్స్ ప్రచురించింది. మొదటి సినిమాను హిసావో తమాకి గీస్తే, 1999 నాటి ‘ద ఫాంటమ్ మెనేస్’ను కియా అసామియా గీశాడు. కథలో స్వేచ్ఛ లేదు, అయినా వేగంలో ఉంది. తెర మీద క్షణంలో జరిగేదాన్ని తమాకి మాటల్లేకుండా పేజీలకు పేజీలు సాగదీశాడు. వాటిని డార్క్ హార్స్ సంస్థ ఇంగ్లీషులో అమెరికాలోనే అమ్మింది.

మరి లైసెన్స్ అక్కర్లేని పాత సినిమాల సంగతి? జపాన్‌లో సినిమా కాపీరైట్ గడువు 50 ఏళ్లుండేది. 2004 జనవరి 1 నుంచి దాన్ని 70 చేశారు. 1953లో వచ్చిన సినిమాల గడువు సరిగ్గా ముందు రోజుతో ముగుస్తుంది. వాటికి పొడిగింపు వర్తిస్తుందా? ఆ ఏటి సినిమాల్లో ‘రోమన్ హాలిడే’, ‘షేన్’ ఉన్నాయి. చవక డీవీడీలు అమ్ముతున్న సంస్థల మీద పారమౌంట్ కోర్టుకెక్కింది. ‘రోమన్ హాలిడే’ విషయంలో 2006లో టోక్యో జిల్లా కోర్టు, ‘షేన్’ విషయంలో 2007 డిసెంబర్ 18న సుప్రీంకోర్టు, పొడిగింపు వర్తిస్తుందన్న వాదనను తోసిపుచ్చాయి.

అంతమాత్రాన 1953, అంతకు ముందు సినిమాలన్నీ అందరివీ అయిపోలేదు. 2009లో చాప్లిన్ సినిమాల కేసులో అదే సుప్రీంకోర్టు వేరే లెక్క చెప్పింది. 1971కు ముందున్న పాత చట్టం ప్రకారం వాటి కర్త చాప్లిన్ అనే వ్యక్తి, కాబట్టి ఆయన మరణం నుంచి 38 ఏళ్లు లెక్కపెట్టాలంది. ఆయన పోయింది 1977లో. యుద్ధానికి ముందు నాటి అమెరికా రచనలకైతే, శాంతి ఒప్పందం కారణంగా పదేళ్లకు పైగా, కచ్చితంగా 3,794 రోజులు, గడువు అదనంగా కలుస్తుంది.

డీవీడీ అమ్మేవాడికి ఈ లెక్కలు చాలు. మాంగా గీసేవాడికి ఇంకో తలుపు తట్టక తప్పదు. ‘షేన్’ సినిమాకు మూలం 1949లో జాక్ షేఫర్ రాసిన నవల. ఆయన 1991 దాకా బతికాడు. సినిమా హక్కు తీరిపోయినంత మాత్రాన నవల హక్కు దానంతటది తీరిపోదు. గుర్రం మీద వచ్చిన షేన్ అనే ఆ కొత్త మనిషిని జపాన్‌లో ఎవరైనా పేజీ మీద దింపాలంటే, స్టూడియోను అడగాల్సిన పని లేకపోయినా, నవల హక్కు ఎవరి చేతిలో ఉందో మాత్రం ముందు కనుక్కోవాలి.